కర్ర ఎత్తే ముందు కాళ్లు కుదరాలి

ఏ విద్యలో చేరినా వారం తిరగకుండానే మనల్ని తొందర పట్టుకుంటుంది. గిటార్ పట్టినవాడికి వెంటనే సినిమా పాట రావాలి. కోడింగ్‌లో చేరినమ్మాయికి నెలలో యాప్ తయారవ్వాలి. ఈ తొందర మీలోనూ ఉంటే, జపాన్‌లో టైకో డోలు నేర్పే తీరు ఒకసారి చూడండి.

గుళ్లలో, ఊరి పండుగల్లో జపనీయులు టైకో వాయించడం ఎన్నో వందల ఏళ్లుగా ఉంది. రకరకాల డోళ్లతో బృందంగా వేదికనెక్కే ఇప్పటి పద్ధతి మాత్రం కొత్తది. నగానో ప్రాంతానికి చెందిన జాజ్ డ్రమ్మర్ దైహాచి ఒగుచి 1951లో దానికి రూపమిచ్చారు.

కొత్తగా చేరినవాళ్లకు డోలే దొరకాలని లేదు. కెయాకి చెట్టు మానును తొలిచి చేసే డోలు చాలా ఖరీదు. అందుకే చాలాచోట్ల పాత కారు టైరుకు టేపు బిగించి, దానిమీదే సాధన చేయిస్తారు. అమెరికాలో జపాన్ మూలాలున్న తొలి బృందాలు వైన్ పీపాలకు తోలు బిగించి డోళ్లు తయారుచేసుకున్నాయి. మంచి ల్యాప్‌టాప్ కొన్నాక చదువుతాను, మంచి బూట్లు కొన్నాక పరిగెడతాను అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మొదటి పాఠం నిలబడటం. ఎడమ కాలు ముందుకు వేసి మోకాలు వంచాలి, కుడి కాలు వెనక్కి చాచాలి, నడుము కిందికి దిగాలి, భుజాలు వదులుగా ఉండాలి. ఆ తర్వాతే బాచి అనే కర్ర పైకి లేస్తుంది. కొత్తవాళ్లు కర్రను బిగించి పట్టుకుని భుజాల బలంతో బాదుతారు, కాసేపటికే చేతులు లాగేస్తాయి. గురువు వాళ్ల పిడికిలి వదులు చేయిస్తారు. కాళ్లు నేలలో పాతుకుని, నడుము తోడైతే చెయ్యి తన బరువుతోనే దిగుతుంది, మోత దానంతటదే వస్తుంది. పళ్లు బిగబట్టి చేసే పనినే కష్టపడటం అనుకునే మనకు ఈ ఒక్క పాఠం చాలా కాలం పనికొస్తుంది.

తర్వాత నోరు. మన మృదంగం గురువులు ముందు తకధిమి పలికించినట్టే, అక్కడ డోన్, డోకో అని పలికిస్తారు. అంచు మీద కొట్టే దెబ్బకు ‘కా’. దెబ్బ లేని చోటికీ ‘సు’ అని ఒక అక్షరం ఉంది, దాన్నీ పలకాల్సిందే. ఆగడం కూడా నేర్చుకోవలసిన విద్యే అని వాళ్లు మొదటి రోజుల్లోనే ఒంటికి పట్టిస్తారు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు అందుకునేవాళ్లు ఈ ‘సు’ను సాధన చేయాలి.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ‘జి’. పాట పొడవునా మారకుండా నడిచే అడుగు తాళం అది. ముందు నిలబడి ఒంటరిగా మెరిసేవాడు దాన్ని నమ్ముకునే మెరుస్తాడు. చప్పట్లు అతనికే పడతాయి. కానీ ‘జి’ పట్టినవాడు ఒక్క క్షణం తడబడితే బృందమంతా చెదిరిపోతుంది. కొత్తవాళ్లు దీన్ని చిన్న పని అనుకుంటారు. అది తప్పు. నాలుగు నిమిషాలు వేగం పెరగకుండా, తగ్గకుండా, పక్కవాళ్లను వింటూ ఒకే దరువు వేయడం ఎంత కష్టమో బల్లమీద వేళ్లతో వేసి చూడండి. ఆఫీసులోనూ ఇంట్లోనూ ఈ పని చేసేవాళ్లున్నారు. మీరే ఆ మనిషైతే మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

సాదో దీవిలో 1981లో మొదలైన కోదో బృందంలో చేరాలంటే రెండేళ్లు శిష్యరికం చేయాలి. వాయిద్యంతో పాటు పరుగు, వంట, పొలం పని ఉంటాయి. అంతా అయ్యాక కూడా అందరికీ చోటు దొరకదు. కోదోకు ముందు అదే దీవిలో ఉన్న ఒండెకోజా బృందం 1975లో బోస్టన్ మారథాన్ పరిగెత్తి, ఆ వెంటనే డోళ్లు వాయించింది. మనమంత దూరం వెళ్లనక్కర్లేదు. పునాదికి పెట్టిన సమయం వృథా పోదని నమ్మితే చాలు.

ఈ వారం మీరు నేర్చుకుంటున్నది సంగీతమైనా, ఈతైనా, కొత్త భాషైనా, గురువు దగ్గరికి వెళ్లి తర్వాతి పాఠం అడగకండి. మొదటి పాఠం ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పమని అడగండి.