ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు



నీకు ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. చేరే ముందు ఆడ్రీ డికోస్టా కథ నీకు చెప్పాలనిపించింది.

ఆవిడ బొంబాయిలో మెకినన్ మెకంజీ కంపెనీలో స్టెనోగ్రాఫర్. పెద్ద అధికారుల దగ్గర డిక్టేషన్ తీసుకోవడం, టైపు చేసివ్వడం ఆవిడ పని. అక్కడి మగ స్టెనోగ్రాఫర్లు చేసేదీ అలాంటి పనే, జీతం మాత్రం వాళ్లకే ఎక్కువ. 1977లో ఉద్యోగం పోయాక, 1976 నాటి సమాన వేతన చట్టం కింద ఆవిడ ఫిర్యాదు చేసింది. కంపెనీ ఎన్ని సాకులు చెప్పిందో! ఆడవాళ్లది వేరే తరహా పని అంది, యూనియన్‌తో ఒప్పందం ఉందంది, అంత ఇచ్చుకునే స్తోమత లేదంది. 1987లో సుప్రీంకోర్టు ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. యజమాని దగ్గర డబ్బుందా లేదా అన్నదాన్ని బట్టి ఈ చట్టం నడవదని తేల్చి చెప్పింది. ఒకే పనికి ఆడా మగా ఇద్దరికీ ఒకే జీతం అన్న నియమం 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఉంది.

జీతంలో ఇలాంటి తేడాలున్నాయి కదా అని, ఆడపిల్ల చదువుకి ఫలితం లేదనేవాళ్ల మాట నమ్మకు. అనేక దేశాల లెక్కలు పరిశీలించి సకారోపౌలోస్, పాట్రినోస్ అనే ఆర్థికవేత్తలు 2018లో తేల్చిందేమిటంటే, ఒక్కో ఏడాది చదువుకి సంపాదన సగటున 9 శాతం దాకా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఆడవాళ్లకి మగవాళ్లకన్నా సుమారు 2 శాతం పాయింట్లు ఎక్కువ. చదువులేని ఆడవాళ్లకి దక్కేది మరీ తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. మన పల్లెల్లో చూడు, రోజంతా నడుం వంచి నాట్లు వేసినా ఆడకూలి మగకూలికన్నా తక్కువే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మాత్రం ఇద్దరికీ ఒకే రేటు పెట్టింది.

అయితే డిగ్రీ ఒక్కటే తేడాని చెరిపేయదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, అమెరికాలో రెండు వందల ఏళ్ల లెక్కలు తవ్వి తీసింది. నేటి కాలంలో ఒకే ఉద్యోగంలో ఉన్న ఆడా మగా మధ్య జీతం తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోందని చూపింది. వేళాపాళా లేకుండా అందుబాటులో ఉండేవాళ్లకే పెద్ద జీతాలు దక్కుతాయి, ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లికి అది కుదరదు.

కాబట్టి చేరకముందే, నీతోపాటు అదే పనికి తీసుకున్న అబ్బాయిల ప్యాకేజీ ఎంతో కనుక్కో. తేడా ఉంటే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడుగు, జవాబు దాచుకో. మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు, 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే ఆఫీసుకి శిశు సంరక్షణ కేంద్రం నీకు చట్టం ఇచ్చిన హక్కులు. పెళ్లయ్యాకో బిడ్డ పుట్టాకో ఉద్యోగం మానెయ్యమని ఎవరైనా అంటే, ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ పిన్ని