నురుగు లేని చోటు

భీమునిపట్నము

తాతగారు వ్రాయునది.

నాయనా, వాల్తేరు చేరి పది దినములైనను గాకమునుపే నీవు వ్రాసిన యుత్తరమును రెండు మార్లు చదివితిని. ఒడ్డున ఏ తావున నిలిచి చూచినను కెరటములన్నియు మనకే యభిముఖముగా వచ్చుచుండుట యేల యని యడిగితివి. ఆ క్రింది పంక్తిలోనే ఆదివారమున మిత్రులతో సముద్రస్నానమునకు పోనున్నానని వ్రాసితివి. ఈ రెండు మాటలకును దగ్గరి సంబంధమున్నది గనుక కొంత వివరముగ వ్రాయుచున్నాను.

కెరటమనగా నీరు నడచి వచ్చుట కాదు. నిన్న ఉదయమున అలలు విరుగు చోటునకు ఆవల తేలుచున్న కొబ్బరిడొక్క నొకదానిని చాలసేపు చూచితిని. అల వచ్చినపుడు అది పైకెగసి ముందునకు జరిగి, అల దాటిపోగానే దిగి వెనుకకు వచ్చి, ఇంచుమించు మొదటి తావుననే నిలిచినది. నీరును అట్లే వర్తులముగ తిరుగును. నడచునది గాలి యొసగిన శక్తియే. ఆ వర్తులములు లోతునకు పోవుకొలది చిన్నవై, రెండలల నడిమి దూరములో సగము లోతున దాదాపు మాసిపోవును. పది సెకండ్లకొకటిగ వచ్చు అలలకు నడిసముద్రమున ఆ దూరము సుమారు 156 మీటర్లు, వేగము గంటకు 56 కిలోమీటర్లు. 78 మీటర్లకు మించిన లోతున నేలకు వాని జాడయే తెలియదు.

తీరము చేరువై నేల తగిలినంతనే ఆ వర్తులములు అణగి కోలగా సాగును, అల నడక మందగించును. రెండున్నర మీటర్ల లోతున దాని వేగము సెకండునకు అయిదు మీటర్లే. వెనుకటివి మాత్రము పది సెకండ్లకొకటి తప్పక వచ్చుచునే యుండుటచే, 156 మీటర్ల యెడము 50 మీటర్లకు కుదించుకొని, అల పైకి లేచి, దాని యెత్తు నీటిలోతులో ముప్పాతిక వంతునకు చేరుసరికి శిఖరము పాదమును మించి ముందునకు దూకి విరిగిపోవును.

ఇక నీ ప్రశ్నకు సమాధానము కళ్లమునందున్నది. బంతి కట్టిన యెడ్లలో రాటచెంతనున్నది మెల్లగను, కొసనున్నది వడిగను నడచుటచే వరుస యెల్లయు తిరుగును గదా! ఏటవాలుగ వచ్చు అలకును ఒడ్డు చేరువనున్న కొస నిదానించి, లోతుననున్న కొస వడిగ వచ్చుటచే, అది క్రమముగ తీరమువైపునకు తిరుగును. డాల్ఫిన్స్ నోస్ కొండమూతిపై కెరటములు ఇరుప్రక్కలనుండి ముసురుకొని విరుచుకుపడుటకును, లోపలికి వంగిన తీరమున పలుచబడుటకును ఇదియే కారణము.

కావున నాయనా, అల విరుగు తీరును చూచి అడుగునున్న నేలను చదువవచ్చును. నేను నీకు చెప్పదలచినది ఇదియే. నురుగు వరుసల నడుమ ఒకచోట అలలు విరుగక, నీరు నల్లగ నిమ్మళముగ కనిపించును. కొత్తవారికి స్నానమునకు అదియే మేలైన చోటని తోచును. అచ్చట అల విరుగకుండుట లోతు ఎక్కువగుటచేతనే. ఇరుప్రక్కల విరిగి ఒడ్డునకు చేరిన నీరు కాలువవంటి ఆ లోతైన చోటు గుండనే వడిగ సముద్రమునకు మరలిపోవును.

ఇరువదేండ్ల వయసున నేనట్టి చోటనే దిగితిని. ఒడ్డువైపునకు ఎంత యీదినను ఒడ్డు దూరమగుచున్నది, చేతులు బరువెక్కినవి. పడవమీదనుండి ఒక ముసలి జాలరి "ఒడ్డుకేసి కాదు బాబూ, పక్కకి ఈదు, పక్కకి!" యని కేక పెట్టెను. తీరము వెంబడి ముప్పది బారలు ప్రక్కకు పోగానే నురుగు తగిలినది, ఆ నురుగే నన్ను నెట్టుకొని వచ్చి ఇసుకపై వేసినది. విరిగిన అల మాత్రము నీటిని నిజముగనే ఒడ్డునకు మోసుకొని వచ్చునని నాడు నా దేహమునకు తెలిసినది.

ఈ ఆదివారమున స్నానము మాని ఇచ్చటికి రమ్ము. పావురాలకొండ నెక్కి చూచినచో, గోస్తని సముద్రమున కలియు చోట ఇసుకమేటపై విరుగు తెల్లని వరుసలును, వాని నడుమ నల్లని సందులును కానవచ్చును. ఏ సందు ఏలాటిదో నీవే చెప్పుదువుగాని. అంతవరకు మోకాలిలోతు దాటి పోకుము. మీ అమ్మకు ఈ సంగతి నేను వ్రాయలేదు.