కంటికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో తెర



వర్చువల్ రియాలిటీ, ఆగ్మెంటెడ్ రియాలిటీ అనే మాటలు ఇప్పుడు సెల్‌ఫోను ప్రకటనల్లో సైతం వినబడుతున్నాయి. మొదటిది బయటి లోకాన్ని మూసివేసి మరో లోకాన్ని చూపుతుంది. రెండోది ఎదుట ఉన్నదాని మీదనే బొమ్మను కలిపి చూపుతుంది. వీటిలోని కంప్యూటరు గొప్పతనం గురించి చాలామంది చెబుతారు. మేము భౌతికశాస్త్రం పీజీ విద్యార్థులం కనుక అద్దాల సంగతి చెబుతాం.

చూపుడు వేలిని కంటికి నాలుగు సెంటీమీటర్ల దగ్గర పెట్టి చూడండి. గీతలు కనబడవు, అంతా మసకే. వస్తువు స్పష్టంగా కనబడాలంటే సుమారు 25 సెం.మీ. దూరం కావాలని పదో తరగతిలోనే చదివాం. మరి హెడ్‌సెట్‌లో తెర అంత దగ్గరున్నా ఎలా కనబడుతోంది? మధ్యలో కుంభాకార కటకం ఉండబట్టి.

2014లో గూగుల్ సంస్థ 'కార్డ్‌బోర్డ్' అనే చౌక హెడ్‌సెట్‌ను తెచ్చింది. ఫోను పెట్టుకునే అట్టడబ్బా, రెండు కటకాలు, అంతే. కటకం నాభ్యంతరం 45 మి.మీ. తెరను 44 మి.మీ. దూరంలో పెట్టామనుకుందాం. ఇంటర్లో మార్కుల కోసం బట్టీ పట్టే కటక సూత్రంలోనే వేయండి. 1/45 లోంచి 1/44 తీసివేస్తే మైనస్ 1/1980 వస్తుంది. అంటే మిథ్యా ప్రతిబింబం 1980 మి.మీ. దూరంలో, దాదాపు రెండు మీటర్ల అవతల, 45 రెట్లు పెద్దదిగా ఏర్పడుతుంది. కన్ను చూసేది దానినే. తెరను ఇంకొక్క మిల్లీమీటరు వెనక్కి జరిపితే ఆ ప్రతిబింబం అనంత దూరానికి పోతుంది!

ఇక్కడొక ముఖ్య విషయం. మైనస్ రెండు పవరు హ్రస్వదృష్టి ఉన్నవారికి అర మీటరు దాటితే మసక. వారు కళ్లజోడు లేకుండా ఈ డబ్బాలో చూస్తే, తెర ముక్కు దగ్గరే ఉన్నా బొమ్మ మసకగానే ఉంటుంది. మన హాస్టళ్లలో బోర్డు కనబడక పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకునే తమ్ముళ్లు ఉంటారు. పుస్తకం దగ్గర పెట్టుకుంటే బాగానే కనబడుతుంది కనుక కళ్లు బాగున్నాయనుకుంటారు. మొద్దు అని పేరు పడకముందే అలాంటివారిని ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్షకు తీసుకెళ్లండి.

మందపాటి కటకం బరువు. అందుకని దానిని వలయాలుగా కోసి పలుచన చేశారు. అదే ఫ్రెనెల్ కటకం. కాలేజీలోని పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు పలక మీద ఈ వలయాలు కనబడతాయి. 2023లో వచ్చిన క్వెస్ట్ 3, 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో 'పాన్‌కేక్' కటకాలు వాడాయి. కాంతిని లోపలే అటూ ఇటూ పరావర్తనం చెందించి డబ్బా మందం తగ్గిస్తారు. కాని సగం అద్దాన్ని కాంతి రెండుసార్లు ఎదుర్కోవాలి కాబట్టి నాలుగో వంతుకు మించి కంటికి చేరదు.

ఆగ్మెంటెడ్ రియాలిటీ ఇంకా కష్టం. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు రాత్రి బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ అద్దంలో మన ముఖమూ, దాని వెనక ఊరి దీపాలూ కలిసి కనబడతాయి. సూత్రం అదే. 2016లో వచ్చిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్‌లో పలుచని గాజుపలక అంచున కాంతిని పంపిస్తే, సంపూర్ణాంతర పరావర్తనంతో లోపలే సాగి కంటి ఎదుటకు వచ్చాక బయటపడుతుంది. అయితే ఈ అద్దాలు ఉన్న వెలుగుకు వెలుగును కలపగలవే గాని తీసివేయలేవు. కనుక నలుపును చూపలేవు. పగలు బస్సు కిటికీలో మన ముఖం మాయమైనట్టే, మన మే నెల ఎండలో ఆ బొమ్మ వెలిసిపోతుంది. హోలోలెన్స్ ముందుభాగానికి రంగుటద్దం బిగించడానికి ఇదొక కారణం.