మీరే మధ్యవర్తి అయితే...?

విద్యార్థులారా! చదరంగం ఆడటం మీలో చాలామందికి వచ్చు. మరి ఆడించడం వచ్చా? మైపాడులోనో, తుమ్మలపెంటలోనో అరుగు మీద ఆడేటప్పుడు తగవు వస్తే పెద్దవాళ్ళెవరో ఒకరు సర్ది చెబుతారు. పోటీలలో ఆ పని మధ్యవర్తిది. ఆయన ఒక్క తీర్పు తప్పు చెబితే చాలు, నెల్లూరు దాకా బస్సెక్కి వచ్చిన పిల్లవాడు గెలిచే ఆట పోగొట్టుకుంటాడు.

మన నాటు పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. ఊరికో పద్ధతి ఉంటే ఊళ్ళ మధ్య పోటీలు సాగవు కదా! ప్రపంచ పోటీలకు 1924లో పారిస్‌లో ఏర్పడిన ‘ఫిడే’ సంస్థ నియమావళే ప్రమాణం. 2002లో, పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మన కోనేరు హంపికైనా, మీకైనా అవే నియమాలు.

ఇప్పుడు మధ్యవర్తి కుర్చీలో మీరే కూర్చోండి. ఈ అయిదు తగవులకూ తీర్పు కాగితం మీద రాసుకోండి. తీర్పుకు ఒక మార్కు, కారణానికి ఒక మార్కు.

ప్రశ్నలు

1. తెల్లపావుల ఆటగాడు కోట కట్టాలనుకుని ముందు ఏనుగును, తరువాత రాజును పట్టుకున్నాడు. ఎదుటివాడు ఒప్పుకోలేదు.

2. శకటు దాడిలో ఉన్న ఏనుగుతో ఒకమ్మాయి కోట కట్టింది. రాజు మీద గాని, రాజు నడిచే గడుల మీద గాని దాడి లేదు. ఇది చెల్లుతుందా?

3. ఒకే స్థితి బల్ల మీద మూడోసారి వచ్చింది. మీరు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఆటగాళ్ళిద్దరూ ఏమీ అనలేదు. మీరేం చేస్తారు?

4. రాజు, మంత్రి ఉన్న ఆటగాడికి గడియారంలో సమయం అయిపోయింది. ఎదుటివాడికి మిగిలింది ఒంటి రాజే. గెలుపెవరిది?

5. బంటు చివరి గడికి చేరింది. దగ్గరలో మంత్రి పావు లేదు. ఆటగాడు ఏనుగును తలకిందులుగా పెట్టి, ‘ఇది మంత్రి’ అని గడియారం నొక్కాడు.

జవాబులు

1. కోట కట్టడం రాజు వేసే ఎత్తు. అందుచేత ముందు రాజునే ముట్టాలి. ఈ ఎత్తులో ఆ వైపు కోట కట్టడం కుదరదు. ముందు ముట్టిన ఏనుగునే, దానికి దారి ఉంటే, కదపాలి.

2. చెల్లుతుంది. దాడి ఉండకూడనిది రాజు ఉన్న గడి మీద, దాటే గడి మీద, చేరే గడి మీద. ఏనుగు మీద దాడి ఉన్నా ఫరవాలేదు. 1974లో కార్పోవ్‌తో ఆడుతూ కోర్చ్‌నోయ్ అంతటివాడు ఇదే సందేహం మధ్యవర్తిని అడిగి, ఆ తరువాతే కోట కట్టాడు. ఆ ఆట గెలిచాడు కూడా!

3. నోరు మెదపకూడదు. మూడోసారి వచ్చినప్పుడు డ్రా కోరడం ఆటగాడి హక్కు. అతడు గెలుపు కోసం ఇంకా ఆడాలనుకోవచ్చు. మీరు గుర్తు చేస్తే ఒకరికి సాయం చేసినట్టే. కాని అదే స్థితి అయిదోసారి వస్తే, ఎవరూ అడగకపోయినా, ఆట ఆపి డ్రా ప్రకటించాలి. బంటు కదలకుండా, పావు చావకుండా ఇద్దరూ చెరి 50 ఎత్తులు వేస్తే ఆటగాడు అడగాలి. 75 అయితే మీరే ఆపాలి. ఆ 75వ ఎత్తుతో ఆటకట్టు అయితే మాత్రం గెలుపు గెలుపే.

4. డ్రా. సమయం అయిపోయినవాడు సాధారణంగా ఓడినట్టే. కాని ఒంటి రాజుతో ఎన్ని ఎత్తులు వేసినా ఆటకట్టు చేయలేరు. అదే ఎదుటివాడికి ముందుకు నడవగల ఒక్క బంటు ఉన్నా గెలుపు అతడిదే. ఆ బంటు మంత్రి కావచ్చు కదా!

5. అది ఏనుగే. నోటితో ఏమన్నా, బల్ల మీద ఉన్న పావుదే లెక్క. 2017లో కెనడా జాతీయ పోటీలో నోరిత్సిన్ అనే ఆటగాడు ఇలాగే చేసి నష్టపోయాడు. కావలసిన పావు కనబడకపోతే గడియారం ఆపి మధ్యవర్తిని అడగవచ్చు. ఈ ఒక్క నియమం గుర్తుంచుకున్నా ఒక ఆట దక్కుతుంది.

ఎనిమిది మార్కులు దాటాయా? భేష్! రాకపోతే బెంగ పడకండి. 2017 డిసెంబరులో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో ఇనార్కియెవ్ తన రాజుకు వచ్చిన చెక్ తప్పించుకోకుండా, ఎదురు చెక్ ఇచ్చాడు. కార్ల్‌సన్ తన రాజును పక్కకు జరిపాడు. వెంటనే ఇనార్కియెవ్ గడియారం ఆపి, కార్ల్‌సన్ ఎత్తే తప్పన్నాడు. అక్కడి మధ్యవర్తి ఆట ఇనార్కియెవ్‌కే ఇచ్చాడు! ప్రధాన మధ్యవర్తి ఆ తీర్పును మార్చి, ఆట కొనసాగించమన్నాడు. ఇనార్కియెవ్ ఒప్పుకోకపోవడంతో పాయింటు కార్ల్‌సన్‌కు దక్కింది.

చూశారా! ఎవరు గట్టిగా అడిగారన్నది తీర్పుకు ఆధారం కాదు. మధ్యవర్తి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బల్ల మీద ఏం జరిగింది? దానికి నియమం ఏమంటోంది? ఇక్కడ నేనే కలగజేసుకోవాలా, ఆటగాడు అడిగేదాకా ఆగాలా? మొదటి రెండూ తెలిసినవాళ్ళు కూడా మూడోదాని దగ్గర తడబడతారు. ఈసారి మీ బడిలో పోటీ పెట్టినప్పుడు ఒక బల్ల దగ్గర ఆడకుండా, ఆడించి చూడండి.