పెరటి చెట్టు

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. మన కావ్యాలలో ఉద్యానవర్ణనకు విశిష్టమైన స్థానం ఉంది. రాజుల పూదోటల వైభవాన్ని చదివి ఆనందించే మనం, మన ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి నేలను మాత్రం పట్టించుకోవడం లేదు. పెరటి పోషణ కేవలం అలంకారం కాదని, అది నీటితోను, ఆరోగ్యంతోను, పెద్దల పట్ల మనకుండవలసిన గౌరవంతోను ముడిపడిన బాధ్యత అని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అని తెలుగువారి సామెత. చేతికందే దూరంలో ఉన్న వస్తువు విలువను మనిషి గుర్తించడని దాని భావం. చెట్టు మాట అటుంచి, నేడు పెరడే కనుమరుగవుతున్నది. ఇల్లు కట్టుకొన్న మొట్టమొదట మనం చేసే పని మిగిలిన నాలుగు గజాల నేలకు సిమెంటు పూయించడం. మట్టి కనిపిస్తే అపరిశుభ్రమని, ఆకు రాలితే చాకిరీ అని భావించే రోజులు వచ్చాయి.

పూర్వం తెలుగువారి ఇంటికి ముంగిలి ఎంత ముఖ్యమో పెరడూ అంత ముఖ్యం. ముంగిట పేడనీళ్లు చల్లి ముగ్గు పెట్టేవారు. పెరట్లో నుయ్యి, నూతి చప్టా, దాని వాలున అరటిపాదు, పక్కన కరివేపాకు, మూలగా మునగ, గోడవారగా మందారం, నందివర్ధనం, నడుమ తులసికోట ఉండేవి. అంట్లు తోమిన నీరు అరటికీ, బియ్యం కడిగిన నీరు పశువుల కుడితికీ పోయేది. నీటిని రెండుసార్లు వాడుకోవడం అనే నేర్పు ఆ ఇళ్లలో ఎవరూ బోధించకుండానే అలవడింది.

మన సాహిత్యంలోనూ తోటపని తక్కువ పని కాదు. కాళిదాసు శాకుంతలంలో కథానాయిక మనకు మొదట కనిపించేది చెలులతో కలిసి ఆశ్రమంలోని మొక్కలకు నీరు పోస్తూనే. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కీర్తించిన విష్ణుచిత్తుడు స్వామికి పూలదండలు సమర్పించిన తోటమాలి. గోదాదేవి ఆయనకు లభించింది తులసి వనంలోనే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలక స్వర్గంలోని చెట్టును భూమి మీదికి తెప్పించింది. ఈ కథలన్నింటిలోనూ మొక్కను ఇంటి మనిషిగా చూసే దృష్టి ఉంది.

ఇంత చదివి, పిల్లలకు పాఠం చెప్పిన నేనే ఒకప్పుడు ఈ దృష్టిని మరచిపోయాను. మా అమ్మాయి వివాహ సమయంలో పందిరికి, భోజనాల బల్లలకు అనుకూలంగా ఉంటుందని పెరడంతా సిమెంటు చేయించాను. పెరట్లో మా నాన్నగారు నాటిన జామచెట్టు ఒకటి ఉండేది. దాని నీడలో పీట వేసుకొని చిక్కుళ్లు వలవడం మా అమ్మగారికి నిత్యకృత్యం. పని జరుగుతున్నప్పుడు ఆమె, “చెట్టు మొదట్లో కాస్త చోటు వదలరా, దానికి ఊపిరాడొద్దూ?” అన్నారు. మేస్త్రీ తొందరలో, నా అశ్రద్ధలో ఆ మాట కొట్టుకుపోయింది. మానును ఆనుకొని సిమెంటు పోశారు.

మరుసటి వేసవికి ఆకులు చిన్నవయ్యాయి. ఆ పై ఏడు కొమ్మలు చివరల నుంచి ఎండసాగాయి. మూడో ఏటికి చెట్టు మోడైంది. నూతిలో నీరు కూడా అడుగంటింది. ఊళ్లో పెరిగిన బోర్లు అందుకు కారణం కావచ్చు. కాని నా పెరట్లో పడిన వాన నా నూతికి చేరకుండా చేసినవాణ్ణి నేనే. మా అమ్మగారు ఆ తరువాత పెరట్లోకి వెళ్లడం మానేశారు. అడిగితే, “అక్కడేముందిరా, ఎక్కడ కూర్చోను?” అన్నారు. నేను సిమెంటు పగులగొట్టించి, మట్టి తోలించి, మరో జామమొక్క నాటాను. అది కాపుకు వచ్చేనాటికి ఆమె లేరు. నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉండాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

చెట్టు ఎందుకు చనిపోయింది? వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమ ఉన్న ఖాళీలలో గాలి, నీరు ఉంటాయి. సిమెంటు ఆ రెండింటి రాకనూ అరికడుతుంది. కనుక నడవడానికి బాట కావాలనుకొంటే రాతి పలకలను ఎడంగా పరచి, సందులలో గరిక పెరగనివ్వాలి. చెట్టు చుట్టూ కనీసం రెండు మూడు అడుగుల నేలను వదిలివేయాలి; వృక్షం పెద్దదైన కొద్దీ ఆ నేల కూడా పెరగాలి.

రెండవది నీటి లెక్క. ఒక చదరపు మీటరు స్థలంపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీటితో సమానం. హైదరాబాదులో సాలీనా సగటున 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అంటే నూరు చదరపు మీటర్ల డాబాపై ఏడాదిలో దాదాపు 80 వేల లీటర్ల నీరు పడుతుంది. అందులో కొంత ఆవిరైపోయినా, మిగిలినదే ఎంతో విలువైన భూగర్భజలం కాగలదు. ఆ నీటిని మనం కాలువలోకి పంపి, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నాం. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను హైదరాబాదును వరద ముంచెత్తింది. చెరువులు, నాలాలు కుంచించుకుపోవడం అటువంటి ముంపునకు ప్రధాన కారణమైతే, చుక్క నీటినైనా ఇంకనివ్వని ఇళ్ల ఆవరణలు దానికి తోడయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటి సంరక్షణకు ప్రాధాన్యమిచ్చింది. దానినే మనం ‘వాల్టా’ అంటాం. చట్టం మాట ఎలా ఉన్నా, ఇంకుడు గుంత తవ్వుకోవడం కష్టమైన పని కాదు. పునాదులకూ, మరుగుదొడ్డి తొట్టికీ దూరంగా గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, అన్నిటికన్నా పైన ముతక ఇసుక పోయాలి. డాబా మీది గొట్టాన్ని దానిలోకి మళ్లించాలి. తొలకరి జల్లు డాబా మీది దుమ్మును కడుగుతుంది కాబట్టి ఆ మొదటి నీటిని మాత్రం బయటకు వదలాలి. ఏటా వానలకు ముందు పై ఇసుకను తీసి శుభ్రపరచాలి.

మూడవది మొక్క నాటే విధానం. వేసవిలోనే గుంతలు తవ్వి మట్టిని ఎండనివ్వాలి. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక, పైమట్టిలో చివికిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపి గుంత నింపి మొక్క నాటాలి. వేపచెట్టు, మామిడి వంటి పెద్ద వృక్షాలు గోడలకు దూరంగా ఉండాలి. కరివేపాకు, నిమ్మ, మునగ, జామ చిన్న పెరటికి తగినవి. చోటు మరీ తక్కువైతే గోడవారగా పందిరి వేసి చిక్కుడు, ఆనప, బీర పాకించవచ్చు. పడమటి వైపున ఉన్న చెట్టు వేసవి సాయంకాలాలలో గోడలను ఎండ నుంచి కాపాడుతుంది.

నీరు పోయడంలోనూ వివేకం అవసరం. ప్రతిదినం చెంబెడు నీరు మొదట్లో పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. రెండు మూడు రోజులకొకసారి లోతుగా తడిస్తే వేళ్లు కిందికి దిగుతాయి. ఎదిగిన చెట్టుకు నీటిని పీల్చే సన్నని వేళ్లు కొమ్మల నీడ పరుచుకొన్నంత మేరా వ్యాపించి ఉంటాయి కనుక, పాదును ఆ అంచు వరకు విస్తరించాలి. ఉదయం కాని, సూర్యాస్తమయం తరువాత కాని నీరు పెట్టాలి. పాదులో రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకు పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. ఆ ఆకు మానుకు మాత్రం తగలరాదు.

ఇక పచ్చిక. ఇంటి ముందు పచ్చని తివాచీ పరచినట్లు పచ్చిక పెంచాలనే కోరిక చాలామందికి ఉంటుంది. అది చల్లని దేశాల నుంచి వచ్చిన అలవాటు. మన వేసవిలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు సుమారు నాలుగైదు లీటర్ల నీరు కావాలి. నూరు చదరపు మీటర్ల పచ్చిక అంటే రోజుకు నాలుగైదు వందల లీటర్లు. అది ఒక కుటుంబం వాడుకొనే నీరు. పిల్లలు ఆడుకొనేందుకు, పెద్దలు కూర్చొనేందుకు సరిపడినంత మేరకే పచ్చిక పెంచడం మేలు. అందుకు మన గరిక ఉత్తమమైనది. ఎండకు వాడినా వాన చినుకుతో తిరిగి చిగురిస్తుంది. కత్తిరించేటప్పుడు దాని ఎత్తులో మూడింట ఒక వంతుకు మించి తీయరాదు. పూర్తిగా గీకివేస్తే నేల బయటపడి, వేరు బలహీనమై, కలుపు కమ్ముతుంది.

రాలిన ఆకును తగులబెట్టడం మన ఇళ్లలో కనిపించే పెద్ద దురలవాటు. ఆ పొగ వృద్ధులకు, పసివారికి, ఉబ్బసం ఉన్నవారికి హాని చేస్తుంది. ఎరువు కావలసిన సంపద బూడిదవుతుంది. ఒక మూల గుంతలో వంటింటి తొక్కలు ఒక పాలు, ఎండుటాకు రెండు మూడు పాళ్లు వంతున పొరలుగా వేసి, పిండిన గుడ్డలో ఉన్నంత తేమ ఉండేలా చూసి, వారం పదిరోజులకొకసారి తిరగవేస్తే మూడు నెలలు దాటేసరికి నల్లని ఎరువు సిద్ధమవుతుంది. దుర్వాసన వస్తే తడి ఎక్కువైందని గ్రహించి ఎండుటాకు కలపాలి.

పురుగు కనిపించిన వెంటనే విషం కోసం దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. లీటరు నీటికి 50 గ్రాముల వంతున వేపగింజల పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంవేళ చల్లవచ్చు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు ఇంతకన్న మంచి జవాబు లేదు.

చివరగా ఒక హెచ్చరిక. డెంగీని వ్యాపింపజేసే దోమ మురుగులో కన్న మంచినీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. కుండీల కింది పళ్లేలు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు దానికి నెలవులు. గుడ్డు దోమగా మారడానికి వారం పదిరోజులు చాలు. అందుచేత వారానికొక రోజు పెరడంతా కలియతిరిగి నిలిచిన నీటిని పారబోయాలి. పెరడు ఉన్నందువల్ల దోమలు రావు. దానిని పట్టించుకోనందువల్ల వస్తాయి.

విద్యార్థులారా! మీలో కొందరికి పెరడు ఉండవచ్చు, కొందరికి అద్దె ఇంటి మెట్ల పక్కన రెండు కుండీలు మాత్రమే ఉండవచ్చు. ఎంత ఉన్నదన్నది ప్రధానం కాదు. ఇంట్లో పెద్దవారు ఒక మొక్క గురించి ఏదైనా చెప్పినప్పుడు ఆగి వినండి. ఆ మాట వెనుక ఒక జీవితకాలపు పరిశీలన ఉంటుంది. మా పెరట్లో ఇప్పుడు జామచెట్టు కింద పీట వేసే ఉంది. చెట్టు నీడనిస్తున్నది. కూర్చోవలసిన మనిషి లేని లోటును మాత్రం ఏ చెట్టూ తీర్చలేదు.

కఠిన పదాలకు అర్థాలు

ముంగిలి = ఇంటి ముందు భాగం
చప్టా = గట్టు, గచ్చు చేసిన చోటు
పాదు = మొక్క చుట్టూ నీరు నిలిచేందుకు చేసే పల్లం
మోడు = ఆకులు, కొమ్మలు లేని ఎండిన చెట్టు
తొలకరి = వర్షాకాలపు ఆరంభం
నెలవు = స్థానం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పెరటి పోషణలో పాటించవలసిన పద్ధతులను పాఠం ఆధారంగా వివరించండి.
2. జామచెట్టు ఉదంతం ద్వారా రచయిత ఏమి చెప్పదలచారు? మీ అభిప్రాయం రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఇంకుడు గుంతను ఎలా ఏర్పాటు చేసుకోవాలి?
2. పచ్చికను పరిమితంగా పెంచాలని రచయిత ఎందుకు అన్నారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గోదాదేవి విష్ణుచిత్తునికి ఎక్కడ లభించింది?
2. పచ్చికను ఒకసారికి ఎంత మేరకు కత్తిరించవచ్చు?

ఈ) సంధులు
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
మొట్టమొదట = మొదట + మొదట – ద్విరుక్తటకారాదేశ సంధి
ఎండుటాకు = ఎండు + ఆకు – టుగాగమ సంధి

ఉ) సమాసాలు
వేపచెట్టు = వేప అను పేరు గల చెట్టు – సంభావనా పూర్వపద కర్మధారయం
భూగర్భజలం = భూగర్భమునందలి జలం – సప్తమీ తత్పురుష

ఊ) ప్రాజెక్టు పని
మీ ఇంటి డాబా వైశాల్యాన్ని కొలిచి, ఏడాదిలో దానిపై పడే వాననీటిని లెక్కగట్టండి. ఆ నీరు ప్రస్తుతం ఎక్కడికి పోతున్నదో గమనించి ఒక పుట నివేదిక రాయండి.