మారిన కీలు – మారవలసిన నడక

నడక మానవునికి సహజంగా అబ్బిన విద్య. శైశవంలో తప్పటడుగులతో నేర్చుకున్న ఈ విద్యను వార్ధక్యంలో మళ్లీ అభ్యసించవలసిన స్థితి కొందరికి కలుగుతుంది. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారు అటువంటివారే.

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. అది అరిగిపోతే ఎముకలు ఒకదానితో ఒకటి రాసుకొని, అడుగు తీసి అడుగు వేయడమే దుర్భరమవుతుంది. మందులు, వ్యాయామం ఫలించనప్పుడు వైద్యులు అరిగిన కొనలను కోసి తీసి, లోహపు తొడుగులు అమర్చి, వాటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచుతారు. నేటి కృత్రిమ కీళ్లకు మాతృక అనదగినది 1974లో న్యూయార్కులో వాడుకలోకి వచ్చింది. దాని రూపకర్తలలో భారతదేశంలో జన్మించిన వైద్యుడు చిత్తరంజన్ రణావత్ ఒకరు. 2000, 2001 సంవత్సరాలలో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మోకాళ్లకు ముంబయిలో శస్త్రచికిత్స చేసినవారు ఆయనే.

ఒక పాదం నేలను తాకినది మొదలు అదే పాదం మళ్లీ నేలను తాకేవరకు గల కాలాన్ని నడక చక్రం అంటారు. అందులో దాదాపు 60 శాతం కాలం పాదం నేలపై ఉంటుంది; 40 శాతం కాలం గాలిలో ఉంటుంది. మడమ ఆనిన వెంటనే మోకాలు కొద్దిగా వంగి శరీరభారాన్ని తట్టుకుంటుంది. పాదం గాలిలో ఉన్నప్పుడు సుమారు 60 డిగ్రీల వరకు వంగుతుంది. శస్త్రచికిత్స జరిగిన పిదప కూడ అనేకులు మోకాలిని బిగబట్టి నడుస్తుంటారు. నొప్పి తొలగినా నొప్పినాటి అలవాటు తొలగదు. తొడ ముందుభాగపు కండరం బలహీనపడటం ఇందుకు ఒక ముఖ్యకారణం. దీనివలన రెండవ కాలిపై అదనపు భారం పడుతుంది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1,703 శస్త్రచికిత్సలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రకటించారు. అందులో 19 శాతం మంది తమకు తృప్తి కలుగలేదన్నారు. తాము ఆశించినది నెరవేరకపోవడమే అసంతృప్తికి ప్రధాన కారణమని తేలింది. ఎక్స్‌రే చిత్రంలో కీలు చక్కగా కనిపించినంత మాత్రాన రోగి మనసు కుదుటపడదన్నమాట.

మన దేశంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. బాసింపట్టు వేసుకొని భోజనం చేయడం, నేలపై కూర్చొని పూజ చేయడం మన పెద్దలకు అలవాటు. కృత్రిమ కీలు అమర్చిన తరువాత ఇవి చాలామందికి కష్టసాధ్యాలు. వైద్యులు కూడ సాధారణంగా వీటిని మానుకొమ్మనే చెబుతారు. ఈ సంగతి ముందుగా తెలిసినవారు కుర్చీకి అలవాటుపడతారు. తెలియనివారు చికిత్స విఫలమైనదని కుమిలిపోతారు. కాబట్టి చికిత్సకు ముందే వైద్యుడు రోగి కోరికలను అడిగి తెలుసుకోవాలి. సాధ్యాసాధ్యాలను దాచక వివరించాలి.

శస్త్రవైద్యుని పని కొద్ది గంటలలో ముగుస్తుంది. రోగి పని నెలల తరబడి సాగుతుంది. కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం, సరియైన అడుగు వేసే అభ్యాసం నిత్యం జరగాలి. ఆ దినాలలో చేయి అందించి, విసుగు చెందక వెంట నడిచే యువత ఇంటిలో ఉంటే వృద్ధులకు కొండంత అండ. కీలును వైద్యుడు మార్చగలడు. నడకను మాత్రం రోగియే మార్చుకోవాలి.