ముడి పట్టుపై దిగుమతి సుంకం: భారం ఎవరిది?

దిగుమతి సుంకాన్ని కస్టమ్స్ శాఖకు చెల్లించేది విదేశీ అమ్మకందారు కాదు, సరుకు తెప్పించుకున్న స్వదేశీ వ్యాపారి. అతడు దాన్ని ధరలో కలపగా చివరకు ఎవరిపై నిలుస్తుందో దాన్నే అంతిమ పన్ను భారం అంటారు. 2011–12 బడ్జెట్‌లో 30 నుంచి 5 శాతానికి తగ్గిన ముడి పట్టు సుంకం, మధ్యలో మారి, 2021–22 బడ్జెట్‌లో 10 నుంచి 15 శాతానికి పెరిగింది. ఇలా పెంచినప్పుడు దిగుమతయ్యే చైనా పట్టుతోపాటు దేశీయ పట్టు ధరకూ ఊతం లభిస్తుంది కనుక, బెంగళూరుకు చేరువలోని రామనగర మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతుకు మేలు జరుగుతుంది. పడుగుకూ పేకకూ పట్టుదారం కొనే ధర్మవరం నేతన్నకు పెట్టుబడి పెరిగి, చీర ధర ఆ మేరకు పెరగకపోతే మజూరీయే తరుగుతుంది. రైతుకు రక్షణ న్యాయమే. దాని ఖర్చును మగ్గంపై మోపడం మాత్రం అన్యాయం. అమెరికా 2018లో విధించిన సుంకాలు సైతం దాదాపు పూర్తిగా అక్కడి కొనుగోలుదారులపైనే పడ్డాయని ప్రముఖ పరిశోధనలు తేల్చాయి.